కోత చిన్నదైతే సరిపోతుందా?

పోయిన నెల మా నాన్నకి హెర్నియా ఆపరేషన్ అయింది. డే కేర్ కేసు, సాయంత్రానికల్లా ఇంటికెళ్లిపోవచ్చన్నారు. నాన్నకి పదిహేనేళ్లుగా షుగర్. పరగడుపున తీసుకెళ్తే, పొద్దున్నే చెయ్యాల్సినది మధ్యాహ్నం రెండున్నరకి చేశారు. ఏడింటికి డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టారు. ‘షుగర్ మందులు మామూలుగానే’ అని ఒక్క ముక్క ఉంది అందులో.

కొత్తపేట దాటకముందే ఒక వాంతి. వనస్థలిపురం చేరాక, కాగితంలో ఉంది కదా అని అమ్మ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసింది. ఆ తర్వాత తిన్న నాలుగు ముద్దల పెరుగన్నం కూడా కక్కేశారు. రాత్రి ఒంటిగంటన్నరకి చూస్తే దిండు చెమటకి తడిసి ముద్దయింది. “నాన్నా” అని పిలిస్తే “బస్సొచ్చిందా?” అన్నారు. గ్లూకోమీటర్‌లో చూస్తే షుగర్ 48కి పడిపోయింది. గ్లూకోజ్ నీళ్లు తాగించి మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తాం. పెరిగినట్టే పెరిగి తెల్లారేసరికి మళ్లీ పడిపోయింది. ఆ మాత్ర పని చాలా గంటలు ఉంటుంది, అందుకే మర్నాడు సాయంత్రం దాకా డ్రిప్ మీదే ఉంచారు.

ఆపరేషన్ బాగానే చేశారు. నా కోపమల్లా పంపేసిన తీరు మీద. కోత ఎంతో చూశారు గానీ, ఈ మనిషి రాత్రికి అన్నం తినగలడా, వాంతులు ఆగాయా, ఇంట్లో గ్లూకోమీటర్ ఉందా, అర్ధరాత్రి లేచి చూసేవాళ్లున్నారా అని ఒక్కరూ అడగలేదు. ఈ రాత్రికి ఉంచండని నేనే అడిగితే, డే కేర్‌కే అప్రూవల్ వచ్చింది, ఉంచాలంటే ఇన్సూరెన్స్ వాళ్లని మళ్లీ అడగాలన్నారు. అడగాల్సిందే కదా!

షుగర్ ఉన్న ప్రతివాళ్లనీ అడ్మిట్ చెయ్యమనడం లేదు. శుక్లం ఆపరేషన్ చేయించుకుని మధ్యాహ్నానికి ఇంట్లో భోంచేసేవాళ్లకి ఇల్లే నయం. కానీ వాంతులు ఆగకపోయినా, ఇన్సులిన్ డ్రిప్ పెట్టాల్సొచ్చినా, మాత్రల వల్ల షుగర్ ఒకసారి పడిపోయినా ఆ రాత్రికి ఉంచాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలైతే ఆపరేషన్‌కి 3 రోజుల ముందే డాక్టర్ ఆపించాలి. లేకపోతే షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. అలాంటివాళ్లకి వాంతులవుతుంటే షుగర్ ఒక్కటే చూసి పంపేస్తే ఎలా?

వచ్చే వారం మా పక్కింటి ఆంటీకి గాల్ బ్లాడర్ ఆపరేషన్. ఇన్సులిన్ మీద ఉన్నారు, పిల్లలిద్దరూ అమెరికాలో. ఈసారి వేరే ఆస్పత్రిలో మత్తు డాక్టర్‌ని ముందే కలిశాం. “రాత్రి తోడు ఎవరుంటారమ్మా?” అని ఆయనే మొదట అడిగారు. ఎవరూ లేరనగానే ఆ రాత్రికి బెడ్ రాసిచ్చారు.