క్రీస్తు దేవుడని నమ్మడం, క్రీస్తును నమ్ముకోవడం

యేసు దేవుడా, కాదా? ఈ వాదన మొదలైతే గంటలు గడిచిపోతాయి. "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అని ఒకరు యోహాను సువార్త తెరుస్తారు. రెండోవారు అదే సువార్తలో నాలుగు పేజీలు తిప్పి "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్న మాట మీద వేలు పెడతారు. చివరికి ఎవరి మాట మీద వాళ్లే ఉండి లేచిపోతారు. "సరే, దేవుడే" అని ఒకరు ఒప్పుకున్నారనుకుందాం. దాంతో ఆ ఒప్పుకున్నవాడు ఏం చేసినట్టు? ఆ సంగతి మాత్రం చర్చకు రాదు.

నమ్మడం, నమ్ముకోవడం అని తెలుగులో రెండు మాటలున్నాయి. వాన పడుతుందని నమ్ముతాం. వానను నమ్ముకుని విత్తనం వేస్తాం. మొదటిది అభిప్రాయం, రేపు మార్చుకోవచ్చు. రెండోదానిలో విత్తనం అప్పటికే మట్టిలోకి వెళ్లిపోయింది.

యోహాను సువార్త గ్రీకు మూలంలో 'నమ్ము' అనే క్రియ సుమారు 98 సార్లు వస్తుంది. 'విశ్వాసం' అనే నామవాచకం ఒక్కసారి కూడా రాదు. అంటే దగ్గర దాచుకునే వస్తువుగా కాక, చేసే పనిగానే రచయిత దాన్ని చూశాడన్నమాట. పైగా చాలా చోట్ల ఆ క్రియ పక్కన 'లోపలికి', 'వైపుకు' అనే అర్థమిచ్చే 'ఏయిస్' అన్న చిన్న పదం ఉంటుంది. మన అనువాదకులు దాన్ని "ఆయనయందు విశ్వాసముంచు" అన్నారు. "ఆయన ఫలానా అని నమ్ము" అనడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

యాకోబు పత్రిక ఇంకా కటువుగా చెబుతుంది. దేవుడొక్కడేనని నమ్ముతున్నావా, మంచిదే, "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అని. మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే యేసు ఎవరో అపవిత్రాత్మ గుర్తుపట్టి కేక వేస్తుంది. శిష్యులకు అప్పటికింకా ఏమీ అర్థం కాలేదు. సమాధానం సరిగ్గా తెలిసినంత మాత్రాన విశ్వాసి అయిపోతారనుకుంటే ముందు వరుస ఎవరిదో మరి!

అలాగైతే సిద్ధాంతాలతో పనేముంది, ప్రేమగా బతికితే చాలు కదా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వానను నమ్ముకున్నవాడికి అది వానాకాలమో కాదో తెలియాలి కదా.

క్రీ.శ. 325లో నీకయ పట్టణంలో బిషప్పులు కూడిన సభలో జరిగిన గొడవ సరిగ్గా దీని గురించే. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఓట్లు వేయించి యేసును దేవుణ్ని చేశాడని ఆన్‌లైన్‌లో ఒక ప్రచారం తిరుగుతుంటుంది. అది నిలవదు. ఆ సభకు రెండు శతాబ్దాల ముందే, సుమారు 112లో, నీకయ ఉన్న ప్రాంతాన్నే పాలించిన రోమన్ గవర్నర్ ప్లినీ తన చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా భావించి స్తోత్రం పాడుతున్నారని అందులో ఉంది. ఆయన క్రైస్తవుడు కాడు, వాళ్లను విచారించి శిక్షిస్తున్న అధికారి.

సభలో అసలు వివాదం వేరు. అలెగ్జాండ్రియాకు చెందిన ఆరియస్ అనే సంఘ పెద్ద, యేసు వట్టి మనిషి అని ఏనాడూ అనలేదు. కుమారుడు సృష్టిలో మొదటివాడు, అందరికన్నా గొప్పవాడు, అయినా సృష్టే అన్నాడు. ఆయన లేని కాలం ఒకటుందన్నాడు. ఆరియస్‌ను ఎదిరించిన అథనాసియస్ అప్పటికి బిషప్పు వెంట వచ్చిన ఓ డీకన్, అంటే సహాయకుడు మాత్రమే. తర్వాత తన రచనల్లో ఆయన వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది: సృష్టిలో ఒకడు, సృష్టిలో మరొకణ్ని దేవుడితో ఎలా కలపగలడు? అంటే దైవత్వం గురించిన తగాదా నమ్ముకున్నవాళ్ల గతి గురించిన తగాదా. తండ్రిదీ కుమారుడిదీ ఒకే స్వభావమని చెప్పే 'ఏక స్వభావం' అన్న మాట కోసం ఆయన అంతగా పట్టుబట్టింది అందుకే. ఐదుసార్లు బహిష్కరణకు గురై దాదాపు 17 ఏళ్లు ప్రవాసంలో గడిపాడు. ఇదంతా అల్పమైన తగాదా అని సభకు ముందు ఉత్తరం రాసిన కాన్‌స్టంటైన్‌కేమో, 337లో చావుబతుకుల్లో ఉండగా బాప్తిస్మమిచ్చింది ఆరియస్ పక్షాన నిలిచిన బిషప్పే. చక్రవర్తి ఓటుతో తేలిపోయిన వ్యవహారం ఇలా ఉంటుందా?

అయితే అథనాసియస్ తర్కానికీ ఒక హద్దుంది. విశ్వాసికి క్రీస్తు దేవుడై ఉండటం ఎందుకు అవసరమో అది చూపిస్తుంది. అవసరమైనంత మాత్రాన నిజమైపోదు. తాను దేవుణ్నని చెప్పుకున్న యేసు పిచ్చివాడైనా కావాలి, మోసగాడైనా కావాలి, లేదంటే దేవుడే కావాలి అనే వాదం వేదికల మీద బాగా పండుతుంది కానీ, ఆ మాటలన్నీ ఆయన అన్నవేనా అని అడిగేవాడి ముందు తడబడుతుంది. దేవుడొక్కడేనని రోజూ పలికే యూదుల్లోంచే ఈ ఆరాధన మొదలైందనీ, మొదటి శతాబ్దం మధ్యలో రాసిన పౌలు పత్రికల్లోనే అది కనిపిస్తుందనీ చరిత్రకారుడు చెప్పగలడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది.

యేసు మళ్లీ లేచాడంటే, గాయాలు చూసి ముట్టుకుంటే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమానే చూడండి. గాయంలో వేలు పెట్టినట్టు చిత్రకారులు గీశారు. ముట్టుకోమని యేసు అన్నాడు కానీ, తోమా ముట్టుకున్నాడని సువార్త చెప్పదు. అతని నోట వచ్చింది "నా ప్రభువా, నా దేవా". నీవు దేవుడవు అనలేదు, రెండుసార్లు 'నా' అన్నాడు.

మార్కు తొమ్మిదో అధ్యాయంలోని తండ్రికైతే అంత మాట కూడా రాలేదు. చిన్నప్పటినుంచీ నురుగు కక్కుతూ నిప్పుల్లో, నీళ్లలో పడిపోయే కొడుకు. శిష్యుల వల్ల కాలేదు. నీవల్ల ఏమైనా అయితే చెయ్యమని అడిగాడు. తర్వాత "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరిచాడు. ముందు ఆ అనుమానం తీర్చుకుని రమ్మని యేసు అతణ్ని వెనక్కి పంపలేదు. బోధకుడా అని పిలిచాడన్నది తప్ప, యేసు ఎవరని ఆ తండ్రి అనుకున్నాడో మార్కు రాయలేదు. పిల్లవాణ్ని మాత్రం తీసుకొచ్చాడు.