పద్యాన్ని ముందు విననిద్దాం

దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పేటప్పటి సంగతి ఇది. పదో తరగతి, బలిచక్రవర్తి పాఠం. వామనుడు అడిగిన మూడడుగుల నేల ఇవ్వొద్దని శుక్రాచార్యుడు ఆపుతుంటే, బలి తన గురువుకు చెప్పే జవాబు ఆ పద్యం.

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే?

అంతకు ముందు చాలా ఏళ్లు ఈ పద్యాన్ని నేనూ అందరిలాగే చెప్పాను. బోర్డు మీద ప్రతిపదార్థం రాయడం, భావం డిక్టేట్ చేయడం, గణవిభజన చేయించడం, తర్వాతి పద్యానికి పోవడం. ఆ రోజు మాత్రం అర్థం జోలికి పోకుండా మూడుసార్లు గొంతెత్తి చదివాను. మూడోసారి 'మూటగట్టుకొని' దగ్గరికి రాగానే వెనక బెంచీలో ఒక పిల్లవాడు "మా అవ్వ గూడ గిట్లనే అంటది సార్" అన్నాడు. ఎప్పుడంటదని అడిగాను. "ఎవలన్న చచ్చిపోయినప్పుడు. పోయేటప్పుడు ఏమన్న మూట గట్టుకొని పోతమా బిడ్డా అంటది."

15వ శతాబ్దపు పోతన మాట, దేవరకొండ తండాల పక్క ఊళ్లో ఒక ముసలమ్మ నోట్లో ఇంకా బతికే ఉంది. ఆ పిల్లవాడికి ఆ పాదానికి అర్థం చెప్పాల్సిన పని నాకు లేకపోయింది. క్లాసులో మిగతా వాళ్లు కూడా తమ ఇళ్లలో విన్న మాటలు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టారు. ఆ పీరియడ్‌లో ప్రతిపదార్థం రాయించలేదు. అయినా ఆ ఏడాది పిల్లలకు బాగా గుర్తున్న పద్యం అదే.

మన బడుల్లో పద్యం పాఠం తలకిందులుగా నడుస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. పద్యం చెవికోసం పుట్టింది. మనం దాన్ని కంటికి చూపించి, ముక్కలు చేసి, చివర్లో టైముంటే ఒకసారి చదువుతున్నాం. చాలా క్లాసుల్లో ఆ ఒక్కసారి కూడా ఉండదు. పరీక్షలో పద్యం పూరించి భావం రాయాలి కాబట్టి పిల్లలు బట్టీ పడతారు. ఎక్కడ ఆగాలో, ఎవరు ఎవరితో ఏ గొంతుతో మాట్లాడుతున్నారో తెలియకుండానే నాలుగు పాదాలు గడగడా అప్పజెప్తారు.

పై పద్యాన్నే చూడండి. మొత్తం నాలుగు పాదాల్లో ఎనిమిది ప్రశ్నలున్నాయి. రాజులు కాలేదా, రాజ్యాలు రాలేదా, గర్వంతో విర్రవీగలేదా, వాళ్లంతా ఏరీ... ఇట్లా ఒక మనిషి వరసపెట్టి అడుగుతున్నాడు. అది కూడా తన గురువును అడుగుతున్నాడు. గౌరవం పోకూడదు, మాట వెనక్కి తీసుకోకూడదు. ఆ ఇబ్బంది గొంతులో పలికితే బలి ఎవరో పిల్లలకు తెలుస్తుంది. రెండో పాదం 'భూమిపై' అనే మాటతో ముగుస్తుంది. పాదం అయిపోయింది కదా అని అక్కడ ఆగితే అర్థం తెగిపోతుంది. 'భూమిపై పేరైనా మిగిలిందా' అని మూడో పాదంలోకి సాగాలి. ఈ విరుపు ఏ గైడులోనూ దొరకదు, టీచర్ చదివి వినిపిస్తేనే వస్తుంది.

ఛందస్సు కూడా అంతే. శార్దూలం అంటే మ స జ స త త గ అని పిల్లలు చెప్తారు. 13వ అక్షరం యతి అని కూడా చెప్తారు. కానీ 'కారే', 'వారేరీ', 'బేరైనం', 'యీరే' అని నాలుగు పాదాల మొదళ్లూ వరసగా పలికించి, ఏ అక్షరం మళ్లీ మళ్లీ వినపడుతోందని అడగండి. 'ర' అని ఎవరో ఒకరు చెప్తారు. ప్రాస అంటే అదేనని అప్పుడు చెప్తే ఇక జన్మలో మర్చిపోరు. గురువు, లఘువులను నేను చప్పట్లతో చెప్పేవాణ్ని. కోలాటం ఆడే పిల్లలకు తాళం నేర్పాల్సిన అవసరం ఏముంది?

పాలమూరు, నల్లగొండ పిల్లలకు పాట ఇంట్లోనే ఉంది. బతుకమ్మ పాటలు ఉన్నాయి, నాట్లప్పుడు పాడే పాటలు ఉన్నాయి. అక్షరం రాని వాళ్లు కూడా చిరుతల రామాయణంలో వేషం కట్టి, గంటల కొద్దీ పాడిన ఊళ్లివి. వాళ్లంతా విని నేర్చుకున్నారు. చదువుకుంటున్న వాళ్ల మనుమలకు మాత్రం నాలుగు పాదాల పద్యమంటే టెన్షన్. ఈ తేడా ఎక్కడ వచ్చిందో మనం ఆలోచించాలి.

సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' పాట పుట్టింది ఈ నల్లగొండ నేల మీదే. పాలబుగ్గల వయసులో జీతానికి కుదిరి పశువులు కాసే పిల్లవాణ్ని ఆ పాట పలకరిస్తుంది. పత్తి తీసే రోజుల్లో మా హాజరు పట్టీలో ఖాళీలు పెరిగేవి. అట్లా వారం రోజులు చేనుకు పోయి వచ్చిన పిల్లల ముందు ఆ పాట పాడినప్పుడు క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. కవిహృదయం ఏమిటి అనే ప్రశ్న ఆ రోజు నేను అడగలేకపోయాను.

వచన కవితకూ ఇదే వర్తిస్తుంది. అలిశెట్టి ప్రభాకర్ 'నగరగీతం' చెప్పేటప్పుడు, హైదరాబాద్‌లో బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో కొన్నాళ్లు ఉండి వచ్చిన పిల్లలు మా క్లాసులో ఉన్నారు. నగరం గురించి నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లను ముందు మాట్లాడనిచ్చి, తర్వాత కవిత చదివాను.

మన ప్రాంతపు కవుల సంగతీ చెప్పుకోవాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. గద్వాల సంస్థానం పండితులను ఎంతగా ఆదరించిందంటే దానికి విద్వద్గద్వాల అని పేరొచ్చింది. గద్వాల బడిలో చదివే పిల్లలకు ఈ సంగతి ఒక మార్కు ప్రశ్నగా కాకుండా, తమ ఊరి ముచ్చటగా తెలియాలి కదా.

టీచర్ల కష్టం నాకు తెలియనిది కాదు. సిలబస్ పూర్తి కావాలి, రిజల్ట్ రావాలి. నేను పనిచేసిన ఒక బడిలో "పద్యాలు పాడుకుంటూ కూర్చుంటే పిల్లలు పాసెట్లయితరు?" అని నన్ను నిలదీశారు. తొమ్మిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలున్నారన్నదీ నిజమే. అట్లాంటి పిల్లలకే వినడం మరింత అవసరం. విని నోటికొచ్చిన పద్యాన్ని పుస్తకంలో వేలు పెట్టి చదివితే అక్షరాలు కూడా కుదురుకుంటాయి. నా క్లాసులో అట్లా కుదురుకున్న వాళ్లను చూశాను. ఇక నాకు రాగం రాదనే టీచర్లకు ఒక మాట. రాగం లేకపోయినా ఫరవాలేదు, విరుపు తెలిస్తే చాలు.

తెలుగును అన్ని బడుల్లో తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. మంచిదే. దాంతోపాటు ఆరు నుంచి తొమ్మిది తరగతుల దాకా, తెలుగు మార్కుల్లో కొన్నిటిని పద్యం చదివి వినిపించడానికి కేటాయించాలి. బట్టీకి కాదు, పుస్తకం చూసే చదవనివ్వాలి. అర్థమై చదువుతున్నారా లేదా అన్నది గొంతులోనే తెలిసిపోతుంది. పద్యం ఒకసారి చదవడానికి నిమిషం కూడా పట్టదు.

దసరా సెలవుల ముందు నేను ఒకటే హోంవర్క్ ఇచ్చేవాణ్ని. ఇంట్లో అవ్వనో అమ్మనో కూర్చోబెట్టి ఒక్క బతుకమ్మ పాట పూర్తిగా రాసుకొని రావాలి, తిరిగొచ్చాక క్లాసులో పాడాలి. ఒక అమ్మాయి పదహారు పేజీల పాట రాసుకొచ్చింది. "మా అవ్వకు ఇంక ఉన్నది సార్, నోట్‌బుక్కే అయిపోయింది" అంది. ఈసారి సెలవులకు మీరూ ఈ హోంవర్క్ ఇచ్చి చూడండి.