పెన్ను పట్టకుండా లెక్కలు వస్తాయట!

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. "పదకొండు, పన్నెండు తరగతుల లెక్కలు: టాపర్లు చెప్పని ఆరు రహస్యాలు" అని. పంపేవాళ్లంతా పిల్లల మేలు కోరేవాళ్లే, అదే బాధ.

చిల్లరవి ముందు తీసేద్దాం. తెల్లవారుజామున నాలుగింటికే చదవాలట. నిద్ర చాలినప్పుడు చదవండి, అంతే. సూత్రాలు ఆకుపచ్చ ఇంకుతో రాయాలట. రాసుకోండి, ఎవరు వద్దన్నారు?

"200 సూత్రాలు బట్టీ పడితే 90 శాతం సిలబస్ అయిపోయినట్టే." సరే, వన్ బై ఎక్స్ స్క్వేర్‌ని −1 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేయండి. బట్టీ పట్టిన సూత్రం −2 ఇస్తుంది. ఎక్కడా మైనస్‌లోకి దిగని గ్రాఫ్ కింద వైశాల్యం మైనస్ రెండు! మధ్యలో సున్నా దగ్గర ప్రమేయం అనంతానికి పోతుందని సూత్రం చెప్పదు, మీరే చూసుకోవాలి. సూత్రంతోపాటు దాని షరతు కూడా రాసుకోని పట్టిక సగం పట్టికే.

అయితే బట్టీ పట్టడమే పాపం అనేవాళ్లతోనూ నాకు పడదు. 30, 45, 60 డిగ్రీల విలువలు, డెరివేటివ్‌ల పట్టిక, కాస్ 2థీటా మూడు రూపాలు అడగ్గానే నోటికి రావాలి. వాటిని ప్రతిసారీ మొదట్నుంచి పుట్టించుకుంటూ కూర్చుంటే అసలు లెక్కకు బుర్ర మిగలదు. ఈ విషయంలో ఆధునికులమనుకునేవాళ్ల కన్నా మెసేజ్ రాసినాయనే నయం.

ఇక అసలు విషం ఇది: "సాల్వ్ చేసిన లెక్కల్ని నాలుగుసార్లు కళ్లతో చదవండి, పెన్ను పట్టడం టైం వేస్ట్."

జవాబు చదువుతుంటే ప్రతి లైనూ నిజమే అనిపిస్తుంది. పై లైనులోంచే వచ్చింది కాబట్టి అనిపించక చస్తుందా? మొదటి లైను ఎందుకు అలా మొదలైందన్నదే అందులో కనిపించదు. పరీక్షలో అడిగేదేమో సరిగ్గా అదే. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ (x·eˣ). ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ (x·e^(x²)). ఉత్త ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ (e^(x²)). కంటికి మూడూ ఒకటే. మొదటిదాన్ని ఇంటిగ్రేట్ చేయడానికి బై పార్ట్స్ కావాలి, అంటే లబ్ధాన్ని రెండు ముక్కలుగా విడదీసి చేసే పద్ధతి. రెండోదాంట్లో ఎక్స్ స్క్వేర్‌ను టీ అనుకుంటే బయటున్న ఎక్స్ కలిసొచ్చి రెండు లైన్లలో తేలిపోతుంది. అలవాటుగా బై పార్ట్స్ మొదలుపెట్టి ఈ పవర్ ఎక్స్ స్క్వేర్‌ను ఇంటిగ్రేట్ చేయబోయారా, మూడోదాంట్లో కూరుకుపోతారు. దానికి స్కూల్లో నేర్చుకున్న ప్రమేయాలతో జవాబు రాయడమే కుదరదు. ఈ తేడా కళ్లతో నాలుగుసార్లు కాదు, నలభైసార్లు చదివినా అంటదు.

చేయాల్సింది ఇలా. జవాబు మీద కాగితం కప్పండి. మొదటి అడుగు మీరే రాయండి. పది నిమిషాలైనా కదలకపోతే ఒక్క లైను మాత్రం చూసి మళ్లీ కప్పేయండి. ఆ లైను ఎందుకు తట్టలేదో పక్కన నాలుగు మాటల్లో రాయండి. రెండ్రోజులాగి అదే లెక్క ఖాళీ కాగితం మీద చేయండి, ఆపైన అంకెలు మార్చి ఇంకోసారి. బ్రాకెట్ ముందున్న మైనస్ రెండో పదానికి పంచకపోవడం, ఎక్స్‌ను టీగా మార్చి పై హద్దు, కింది హద్దు మార్చడం మర్చిపోవడం లాంటివి చేత్తో చేస్తేనే బయటపడతాయి. చదివేటప్పుడు ఎవరూ తప్పు చేయరు మరి!

"లిమిట్ ఏదైనా ఎల్ హాస్పిటల్ రూల్ కొట్టెయ్." అంటే లవానికి, హారానికి విడివిడిగా డెరివేటివ్ తీసి భాగించడం. కొట్టెయ్యండి. ఎక్స్ సున్నాకు పోతుంటే (ఎక్స్ ప్లస్ 1) బై (ఎక్స్ ప్లస్ 2) ఎంత? అర. మీ రూల్ చెప్పేది 1. ఆ రూల్‌కు కావాల్సిన సున్నా బై సున్నా (లేదా అనంతం బై అనంతం) వచ్చిందో లేదో చూడటానికి పట్టే మూడు సెకన్లు కూడా మహానుభావుడికి వృథాయేనేమో. ఇక సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్‌ను ఇదే రూల్‌తో నిరూపించేవాళ్లకు దండం. సైన్ డెరివేటివ్ కాస్ అని తేల్చిందే ఆ లిమిట్‌తో కదా!

ఆరోది, ఆప్షన్లలోంచి వెనక్కి రావడం. ఇది పనిచేస్తుంది, నిజంగానే. త్రికోణమితి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లిస్తే థీటాకు ఒక విలువ పెట్టి మూడింటిని ఎగరగొట్టొచ్చు. కాకపోతే సున్నా పెట్టకండి, సైన్, ట్యాన్ రెండూ సున్నా అయి కూర్చుంటాయి. 45 వద్దు, అక్కడ సైన్, కాస్ ఒకటే. 30 పెట్టండి. అప్పటికీ రెండు ఆప్షన్లు కలిసొస్తే 60 పెట్టి చూడండి.