మానేసినవాడికి ‘అదర్స్’ గడే గతి

ఆన్‌లైన్ జాబ్ అప్లికేషన్లని జనం ఊరికే ఆడిపోసుకుంటున్నారు. నేను మాత్రం వాటి పక్షమే. చేతిలో ఉన్న ఉద్యోగం మానేసి, పైగా లైను కూడా మార్చుకున్నవాణ్ని అంత తేలిగ్గా లోపలికి రానిస్తే రేపు అందరూ అదే పని చేస్తారు, ఇక పదేళ్లు ఒకే కుర్చీని అంటిపెట్టుకుని కూర్చునేవాళ్లు ఈ దేశానికి ఎక్కణ్ణుంచి దొరుకుతారు?

నేను భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేసి మానేసి, ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుని అకౌంట్స్ ఉద్యోగాలకి అప్లై చేస్తున్నాను. ముందు రెజ్యూమె అప్‌లోడ్ చెయ్యమంటారు. చేశాక, అందులో ఉన్నదంతా మళ్లీ మన చేతే టైపు చేయిస్తారు. ఓపిక పరీక్ష అన్నమాట, మంచిదే.

తర్వాత, ఏ రంగం నుంచి వస్తున్నారు? లిస్టు తెరిస్తే ఐటీ, బ్యాంకింగ్, ఫార్మా, ఆఖరికి విమానయానం కూడా ఉంది. రొయ్య లేదు. రొయ్యల సాగులో దేశంలో మొదటి రాష్ట్రం మనదే, 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఇక్కడ వరి చేలు ఎన్ని చెరువులయ్యాయో బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. అయినా మనం ‘అదర్స్’.

జిల్లా గడి దగ్గర ఇంకా బాగుంటుంది. నేను పుట్టింది అమలాపురంలో, అప్పటికది తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమ. కొన్ని ఫారాల్లో ఇంకా పాత 13 జిల్లాలే, కొన్నింట్లో కొత్తవి, నా సర్టిఫికెట్లలో ఒకటి, ఫారంలో ఇంకొకటి. నేను మంచం దిగలేదు, మారింది జిల్లా. దాన్ని మాత్రం ఎవరూ రిలీవింగ్ లెటర్ అడగలేదు, ‘తూర్పు గోదావరిని వదిలిపెట్టడానికి కారణం’ అని గడి పెట్టలేదు.

అకౌంట్స్‌లో అనుభవం ఎన్నేళ్లు? సున్నా. ఎందుకంటే పాత డెజిగ్నేషన్‌లో ఆ ముక్క లేదు. రైతు మేత అరువుకి తీసుకుంటాడు, పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, తీరుస్తానంటాడు. ఆ రోజు రానే వస్తుంది, కొనేవాళ్లు కౌంట్ తీస్తారు, అంటే కిలోకి ఎన్ని తూగాయో. నలభై వస్తుందనుకున్నది యాభై తేలితే రేటు పడిపోతుంది, రేటు పడితే మన బాకీ వెనక్కి పోతుంది, ‘వచ్చే పంటకి చూద్దామండీ’ అంటాడాయన, ఆ ‘చూద్దాం’లో వచ్చేదెంత, మొండి బాకీ ఎంత అన్నది బండి సీటు మీద పుస్తకం పెట్టుకుని తేల్చినవాణ్ని నేను. అది ఫీల్డ్ వర్కు అట. ఏసీ గదిలో కూర్చుని వోచర్లకి పిన్నులు కొట్టి ఉంటే అకౌంట్స్ అయ్యేది.

ఒత్తిడిలో పని చేయగలరా, అవునా కాదా? తెల్లవారుజామున, అసలే నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళ, కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోయి, జనరేటర్ ఎంతకీ స్టార్టవక, రొయ్యలు పైకి తేలుతుంటే గట్టు మీద రైతు మన మొహంలోకే చూస్తుంటాడు. ‘అవును’ అని టిక్ పెట్టాను. నెలాఖరు రిపోర్టు ఒకరోజు ఆలస్యమైతే బీపీ బిళ్ల వేసుకునేవాడు కూడా అదే టిక్ పెట్టుంటాడు. సమానత్వం అంటే ఇదే మరి.

పీఎఫ్ సంగతి సరేసరి. పాత కంపెనీవాళ్లు ఎగ్జిట్ డేట్, అంటే మానేసిన తేదీ, వెయ్యకపోతే మనమే వేసుకోవచ్చు, కాకపోతే చివరి వాటా పడ్డాక రెండు నెలలు ఆగాలి. అందాకా రికార్డు ప్రకారం నేనక్కడే ఉన్నాను, ఫారం ప్రకారం నాకు గ్యాప్ వచ్చింది. వెంటనే చేరగలరా అని అడిగే కంపెనీలే తమ దగ్గర మానేసేవాళ్లని తొంభై రోజులు కదలనివ్వవు.

మా వీధి చివర టీ కొట్టు దగ్గర కూడా ఇవే ప్రశ్నలు. ‘ఏం బాబూ, తీసేశారా, మానేశావా?’ ‘ఆయ్, నేనే మానేశానండీ.’ పెద్దాయన నమ్మలేదు. అయినా టీ చెప్పి, తణుకు దగ్గర తన తోడల్లుడి రైసుమిల్లులో లెక్కలు చూసే మనిషి కావాలన్న సంగతీ చెప్పారు. వెళ్లాను. మిల్లాయన రెండే అడిగారు: ట్యాలీ వచ్చా, బాకీలు వసూలు చెయ్యగలవా. రెండింటికీ జవాబు విని తెగ సంతోషించి, ‘అయితే ఇంకేం బాబూ, ఆన్‌లైన్‌లో అప్లై చేసెయ్, హైదరాబాద్ నుంచి వచ్చాక మా అబ్బాయి అన్నీ పద్ధతిగా పెట్టాడు’ అన్నారు.

అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో తెరిచాను. రంగాల లిస్టులో విమానయానం ఉంది. రైసుమిల్లు లేదు.