ఫ్రిజ్ తలుపులో కొలువున్న సగం సీసా గారికి

బ్రాడీపేట, గుంటూరు

మహారాజశ్రీ జలుబు సిరప్ సగం సీసా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు ఆవకాయ జాడీకీ టమాటా సాస్‌కీ మధ్య చల్లగా ఉన్నారని తలుస్తాం. మూత తీసి ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. లేబుల్ మీది గడువు తేదీ సీలు విప్పని సీసాకి వేసిందన్న సంగతి తమరూ ఎప్పుడూ బయటపెట్టలేదు.

తమరి అట్టపెట్టె ఏనాడో చెత్తబండి ఎక్కింది. లేబుల్ మీద పప్పుచారు మరక. ఇప్పుడు తమరి పేరు 'పింకు మందు'. ఆరేళ్ల పెద్దాడికి డాక్టరుగారు రాస్తే వచ్చిన తమరు, ఈ సీజన్‌లో రెండేళ్ల చిన్నదాని గొంతులోకి దిగుతున్నారు. "వాడికి చెంచాడు, దీనికి అరచెంచా" అని నాయనమ్మగారి లెక్క. వయసు తగ్గితే మందు తగ్గడం కాదు, కొన్నిసార్లు మందే ఉండకూడదు. తమరి కడుపులోని క్లోర్‌ఫెనిరమిన్ (మత్తు తెచ్చే అలర్జీ మందు), ఫినైలెఫ్రిన్ (ముక్కు దిబ్బడకని వేసేది) జంటను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద వేయమంటూ 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులే రాయొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకూ మామూలుగా వద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి చెప్పింది. జలుబు వైరస్ పని. తమరు పోసినా పోయకపోయినా వారం పది రోజుల్లో అదే పోతుంది. పేరు మాత్రం తమరికి.

"పట్టగానే హాయిగా నిద్రపోయింది, మందు భలే పనిచేసింది" అనే కితాబు ఒకటి. ముక్కు అలాగే కారుతోంది, పిల్ల మత్తులో ఉంది, అంతే. కొందరు పిల్లలకైతే ఇదే మందు అడ్డం తిరిగి, రాత్రంతా మంచం మీద గంతులు వేయిస్తుంది. ఈలోగా మిర్చి ఘాటుకు తుమ్ములని సిట్రిజిన్ అనే అలర్జీ సిరప్ కూడా తెరుస్తారు. అది 5 మి.లీ.లో 5 మి.గ్రా. ఉండే రకమైతే, రెండేళ్ల పిల్లకి డాక్టర్లు మామూలుగా 2.5 మి.లీ.తో మొదలుపెడతారు. తమరిలోని క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఆ కోవ మందేనని ఎవరూ చూడరు. మత్తు మీద మత్తు.

తమరి కుటుంబంలో కొందరి కడుపులో మూడో మనిషి కూడా ఉంటాడు: పారాసెటమాల్. ఒళ్లు వెచ్చగా ఉందని జ్వరం సిరప్ విడిగా పోస్తే ఒకే మందు రెండుసార్లు వెళ్తుంది. పారాసెటమాల్ మోతాదు కిలో బరువుకి 10 నుంచి 15 మి.గ్రా. పన్నెండు కిలోల పిల్లకి పూటకి 120 నుంచి 180 మి.గ్రా. సిరప్‌లలో 5 మి.లీ.కి 120, 125 ఉండేవి ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. చుక్కల సీసాని సిరప్ అనుకుని 5 మి.లీ. పోశారా, 500 మి.గ్రా. దిగినట్టే. దెబ్బ పడేది కాలేయం మీద. అందుకే షాపులో "జ్వరం మందు ఇవ్వండి" అని ఊరుకోకుండా మి.లీ.కి ఎంతో అడిగి, అది పిల్ల బరువుకి సరిపోతుందో చూసుకోవాలి.

ఇక తమరి ఆప్తమిత్రుడు, వంటింటి చెంచా. పుస్తకాల్లో చెంచా అంటే 5 మి.లీ. మన డబ్బాలో ఒకటి 3 పడుతుంది, పక్కది 7 పడుతుంది. కూరలో కారం అరచెంచా ఎక్కువైతే ఇంత పెరుగు కలుపుకుని తింటాం. ఇక్కడ ఆ సర్దుబాటు కుదరదు. మెడికల్ షాపులో సూది లేని గీతల సిరంజి దొరుకుతుంది. సీసాని బాగా కుదిపి, మందు లాగి, బుడగ ఉంటే వేలితో తట్టి పైకి పంపి, గీతని కంటికి సమంగా పెట్టి చూడాలి. పిల్లని కూర్చోబెట్టి, నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వదలాలి. గొంతులోకి ఒక్కసారి చిమ్మితే పొలమారుతుంది. పాలగ్లాసులో కలిపితే పిల్ల సగం తాగి లేస్తుంది. మందెంత వెళ్లిందో ఇక లెక్క చెప్పేవారుండరు.

తమరు సెలవు తీసుకుంటే ఇల్లేమీ ఆగిపోదు. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు, పాలు పట్టే ముందు ఒక్కో రంధ్రంలో రెండు. ఏడాది దాటిన పిల్లకి దగ్గైతే రాత్రి అరచెంచా తేనె. ఏడాది లోపు తేనె నాకించనే కూడదు. కర్పూరం కరిగించిన కొబ్బరినూనె చిన్నపిల్లల ముక్కుకీ ఛాతీకీ రాయడం మానాలి, అది కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషానికి 40 గానీ అంతకు మించిగానీ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా తమరి కొలువు దగ్గర ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇట్లు,
తమరి పక్క అరలో కవరు కూడా విప్పని 5 మి.లీ. సిరంజి

తా.క.: తమరితో వచ్చిన కొలత మూత చిన్నదాని లక్కపిడతల్లో పాయసం గిన్నెగా చేరింది. 2.5 గీత అరిగిపోయింది.