నాలుక వెనకాల తొమ్మిది

పెద్దమ్మ సైన్సు టీచరుగా రిటైరయింది. పెదనాన్న బ్యాంకులో రిటైరయ్యారు గానీ లెక్కపెట్టడం మానలేదు. మొన్న పొద్దున నేను కాఫీ తాగుతుంటే అద్దం దగ్గర్నుంచి పెదనాన్న కేక.

"ఏమే! నా పనైపోయిందే!"

"ఏం పని? మొదలెట్టినట్టే చూడలేదు."

"నాలుక వెనకాల బుడిపెలు. పెద్దపెద్దవి. సరిగ్గా తొమ్మిది."

"ఎలా ఉన్నాయి? ఇంగ్లీషు వి అక్షరం తిరగేసినట్టా?"

"నీకెలా తెలుసు? అంటే ఇది పేరున్న రోగమే అన్నమాట."

"రోగం కాదు, నాలుక. ఒక్కో బుడిపె చుట్టూ కోటకున్నట్టు కందకం ఉంటుంది. ఆ గోడల్లో రుచి కణికలుంటాయి. ఎవరి నోట్లో చూసినా మామూలుగా 8 నుంచి 12 బుడిపెలు. మీరు పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నాయి."

"డెబ్భై ఏళ్ళూ నాకు తెలియకుండానా!"

"మీ నోట్లో ఖాళీ దొరికితే కదా అవి బయటపడేది."

"కాదే, రాత్రి కారప్పూస తిన్నాను. ఆ కారం రుచికి ఉబ్బాయి."

"కారం రుచే కాదు, మంట. మిరపకాయ వెళ్ళి గిల్లేది నొప్పి తెలిపే నరాల్ని."

"మరి షడ్రుచుల్లో ఎందుకుంది? ఏటా ఉగాది పచ్చడిలో నొప్పి కలిపి పెడుతున్నావా నాకు?"

"మీ అమ్మగారు కలిపినంత కలపట్లేదు లెండి."

పెదనాన్న ఊరుకోలేదు. "నువ్వే చెప్పేదానివి, తీపి కొసన, చేదు వెనకాల అని. చేదెక్కువై వెనకాల పొంగింది."

"అది తప్పండి. కణికలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. 1901లో ఒక జర్మనీ ఆయన రాసినదాన్ని తర్వాతివాళ్ళు తప్పుగా అర్థం చేసుకుని ఆ పటం గీశారు. నేనూ 30 ఏళ్ళు అదే బోర్డు మీద గీశాను."

"30 ఏళ్ళు! తప్పు!" పెదనాన్న ముఖం వెలిగిపోయింది. రెండు నిమిషాలు రోగం సంగతే మర్చిపోయారు. మూడో నిమిషంలో గుర్తొచ్చింది. ఫోన్ టార్చి వేసుకుని, నాలుక బారెడు చాపి, ఏదో అనబోయారు.

"అ... అ... ఇ... ఆ..."

నాలుక లోపలికి లాక్కుని గోడ పట్టుకున్నారు. "చూశావా! నీ పేరు కూడా పలకలేకపోతున్నాను. పక్షవాతమే!"

"నాలుక బయట వేలాడేసి లలిత అంటే ఎలా వస్తుంది? లకీ తకీ నాలుక కొస లోపల తగలాలి. ఇప్పుడు పిలవండి."

"లలితా."

పెద్దమ్మ పలకలేదు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏమైందే? తప్పుగా వచ్చిందా?"

"బాగానే వచ్చింది. పెళ్ళయిన 41 ఏళ్ళలో ఇది మూడోసారి. 'ఏమే'కి నాలుక కొసతో పనిలేదుగా, అందుకే అది పట్టుకున్నారు."

"సరే, నీది చూపించు. పోల్చుకుంటాను."

ఛీ ఛీ అంటూనే నోరు తెరిచింది. ఆయన టార్చి పట్టుకుని, కళ్ళజోడు ఎత్తి, దించి, నోట్లకట్ట లెక్కపెట్టినట్టు రెండుసార్లు లెక్కపెట్టారు.

"పది! నాకన్నా ఒకటెక్కువ! అందుకే నీకు నోరెక్కువ."

"అవి రుచికండీ. మాటలకి కండరాలు వేరే ఉన్నాయి, 8 రకాలు. ఆ లెక్కలో మీకూ నాకూ తేడా లేదు. నావి పనికి కదులుతాయి, మీవి పనిమాలా కదులుతాయి."

"డాక్టర్ని అడుగుదాం."

"అడగండి. ముందు ఆయన నోట్లో లెక్కపెట్టి రండి."

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దమ్మ ఆయన పప్పులోంచి పచ్చిమిరపకాయలు ఏరి తన కంచంలో వేసుకుంది. పెరుగు గిన్నె ఆయన వైపు జరిపింది. ఆయన అదేమీ చూడలేదు. టార్చి పట్టుకుని నా వైపే చూస్తున్నారు.

నేను నోరు మూసుకున్నాను.