‘ఖాళీలు సున్నా’ అంటే సరిపోదు

ప్రభుత్వాసుపత్రుల్లో ఫార్మసిస్టు పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎప్పటికి భర్తీ చేస్తారు? శాసనసభ ప్రశ్నోత్తరాల్లో సభ్యులు ఈ మాట అడగడం కొత్త కాదు. మంజూరైనవి ఇన్ని, పనిచేస్తున్నవారు ఇందరు, మిగతావి త్వరలో నింపుతామన్న జవాబూ పాతదే. మందుల కౌంటర్ దగ్గర రోగికి ఏం జరుగుతోందన్నది మాత్రం సభ దాకా రావడం లేదు.

నాలుగు గంటల ఓపీలో 300 మంది చీటీలతో వస్తారనుకుందాం. కౌంటర్లో ఒక్కరే ఉంటే ఒక్కో రోగికి దక్కేది 48 సెకన్లు. ఆలోపే చీటీ చదవాలి, మోతాదు సరిచూడాలి, మాత్రలు లెక్కపెట్టాలి, కంప్యూటర్లో ఎక్కించాలి, ఎలా వేసుకోవాలో చెప్పాలి. రద్దీలో మొదట ఆగిపోయేది ఆ చెప్పడమే. పిల్లల పారాసిటమాల్ సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్న రకమూ ఉంది, 250 మి.గ్రా. ఉన్న రకమూ ఉంది. సీసా మారిందని ఎవరూ చెప్పకపోతే తల్లి ఎప్పటిలాగే 5 మి.లీ. పడుతుంది, బిడ్డకు మందు రెట్టింపవుతుంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. స్ట్రిప్‌ను సగానికి కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఏదో ఒక ముక్క మీదే మిగులుతుంది. ఇలాంటివి పసిగట్టడానికే శిక్షణ పొందిన మనిషి కావాలి.

చట్టమూ అదే చెబుతోంది. వైద్యుడి చీటీపై మందులు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ స్పష్టం చేసింది. ఔషధ నియమావళిలో మినహాయింపుల జాబితా అయిన షెడ్యూల్-కె కింద ప్రభుత్వాసుపత్రులకు అమ్మకపు లైసెన్సు అక్కర్లేదు గానీ, అర్హత ఉన్నవారి పర్యవేక్షణలోనే మందులివ్వాలన్న షరతు ఉంది. ఫార్మసిస్టు సెలవు పెట్టిన రోజు అటెండరు కౌంటర్లో కూర్చుంటే ఆ షరతు ఏమైనట్టు?

అసలు చిక్కు మంజూరు సంఖ్యలోనే ఉంది. 24 గంటలూ నడిచే ఆసుపత్రిలో వారానికి 21 షిఫ్టులు. ఒక్కొక్కరు ఆరు చేస్తే, సెలవులు లెక్కలోకి తీసుకోకముందే నలుగురు కావాలి. అక్కడ రెండు పోస్టులే మంజూరు చేసి ఇద్దరినీ నియమిస్తే కాగితంపై ఖాళీలు సున్నా. రాత్రి కౌంటర్ మాత్రం మూతే. కాబట్టి సభ్యులు అనుబంధ ప్రశ్నల్లో నిలదీయాల్సింది వేరే ఉంది. ఈ సంఖ్యను ఏ ఏడాది ఓపీ చూసి ఖరారు చేశారు? డిప్యుటేషన్‌పై వెళ్లినవారిని కూడా ఇక్కడ పనిచేస్తున్నట్టే చూపారా? స్టోర్, ఇండెంట్లు (కావాల్సిన మందుల కోసం పంపే పత్రాలు), కౌంటర్ అన్నీ ఒక్కరి నెత్తినే ఉన్నాయా? స్టోర్ చిన్న పని కాదు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. గడువు దగ్గరపడ్డ సరుకు ముందు బయటికి రావాలి. ఇవి చూసే మనిషిని ఓపీ వేళ కౌంటర్‌కు లాగితే రెండు పనులూ చెడతాయి.

ఆసుపత్రుల వారీగా రోజువారీ ఓపీ, కౌంటర్లు, షిఫ్టుకు ఎందరు ఫార్మసిస్టులు, గత మూడు నెలల్లో ఫార్మసిస్టు లేకుండా మందులిచ్చిన రోజులు ఎన్ని అన్న పట్టికను ప్రభుత్వం సభ ముందుంచాలి. నియామకాలు పూర్తయ్యేదాకా రద్దీ ఆసుపత్రుల్లో స్టోర్ బాధ్యతను కౌంటర్ నుంచి విడదీయాలి. బీపీ, షుగర్ మందులు నెలనెలా తీసుకునేవారికి వేరే వరుస పెట్టాలి. కొత్త మందు మొదలైన రోగితో రెండు నిమిషాలు మాట్లాడే వెసులుబాటు ఫార్మసిస్టుకు అప్పుడే దొరుకుతుంది.